‘సబ్’, ‘ఉప’: ఒక ఉపసర్గ పూర్వాపరాలు

జంషెడ్పూరు నగరానికి వాయవ్యపు కొసన సోనారి అనే పేట ఉన్నది. ఒక వంక సువర్ణరేఖ, మరొక వంక ఖర్కాయీ ప్రవహించి ఆ పేట అంచున కలుసుకుంటవి. ఆ కూడలిని స్థానికులు దోముహానీ అంటారు. రెండు ముఖాల తావు అని అర్థం. మయూరభంజి కొండల మీదుగా వచ్చే ఖర్కాయీని తెలుగు భూగోళ పుస్తకం సువర్ణరేఖకు ‘ఉపనది’ అని చెబుతుంది. ఉపనది అన్నప్పుడు చిన్న నది అనా, లోబడిన నది అనా, దగ్గరకు వచ్చి చేరిన నది అనా అర్థం? ప్రశ్న పిల్లలు అడిగేదిగా కనబడవచ్చును. కాని తెలుగులో గత నూరేండ్లుగా పుట్టిన వేలకొలది పారిభాషిక పదాల మంచిచెడ్డలు ఈ ప్రశ్నకు చెప్పే జవాబు మీద ఆధారపడి ఉన్నవి.

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, సాక్చీ గ్రామం దగ్గర కర్మాగారం లేచిన తరువాత, పనికోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో ఉత్తరాంధ్రపు తెలుగువారు కూడ ఉన్నారు. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచిన గురుతు. సోనారిలో కాపురమున్న తెలుగు కుటుంబానికి ఇంట తెలుగు, వీధిలో హిందీ, పొరుగున బెంగాలీయో ఒడియాయో, కాగితాల మీద ఇంగ్లీషు. ఆ కాగితాలలో పదే పదే తగిలే మాట ‘సబ్’. కరెంటు సబ్ స్టేషను నుంచి వస్తుంది. ఠాణాలో సబ్ ఇన్‌స్పెక్టరు ఉంటాడు. పేట ధాల్భూమ్ సబ్ డివిజనులో ఉన్నది. ఇంటి స్థలం పత్రంలో సబ్ లీజు అని ఉండవచ్చును. వీధిలోకి పోతే మాత్రం అదే ధ్వనికి ‘అందరూ, అంతా’ అని అర్థం. అది సంస్కృతపు ‘సర్వ’ శబ్దం నుంచి దిగిన హిందీ మాట. తెలుగు లిపిలో ఈ రెండింటికీ భేదం లేదు. ‘క్రింది’ అని ఒకటి, ‘సమస్తం’ అని ఒకటి! రోమను లిపిలో వ్రాస్తే సువర్ణరేఖ పేరు కూడ ఆ మూడక్షరాలతోనే మొదలవుతుంది. అయితే అందులో ఉన్నది ‘సు’ అనే వేరొక ఉపసర్గ. దానికి మంచి అని అర్థం. చెవికి వినబడిన దానిని నమ్మి నిరుక్తం చెప్పబోయే వారికి సోనారి మంచి హెచ్చరిక.

సర్కారు హిందీలోకి వస్తే చిక్కు ఇంకొంత పెరుగుతుంది. ఝార్ఖండులో సబ్ డివిజనును ‘అనుమండల్’ అంటారు. ‘సబ్’కు అక్కడ ‘అను’ వచ్చింది. ‘ఉప’ ఎక్కడకు పోయింది? జిల్లాకంతటికీ పెద్ద అయిన అధికారి పేరులోకి పోయింది. ఆ అధికారి డిప్యూటీ కమిషనరు, హిందీలో ‘ఉపాయుక్త్’. ఆంధ్రలోను తెలంగాణలోను జిల్లాధికారి కలెక్టరు కాగా, సింహభూమ్ జిల్లాల అధికారి పేరు ముందు ‘ఉప’ చేరి ఉన్నది. ఆయన క్రిందివాడు ‘అను’. శ్రీకాకుళం నుంచి వచ్చిన వృద్ధుడు ‘ఉపాయుక్తుడే ఇంత పెద్దవాడైతే ఆయుక్తుడు ఇంకెంతవాడో’ అనుకుంటే తప్పు పట్టలేము.

ఈ తికమక అంతటికీ మూలం లాటిను భాషలోని చిన్న మాట. లాటినులో ‘సుబ్’ విడిగా వాడే విభక్త్యర్థకమూ అవును, క్రియకు ముందు చేరే ఉపసర్గా అవును. క్రింద, అడుగున, చెంత, కొంచెముగా, చాటుగా అనే అర్థాలు దానికి ఉన్నవి. తరువాతి అక్షరాన్ని బట్టి దాని తుది హల్లు మారుతుంది. సంస్కృతంలో వాక్ అనేది మయ అనే దానితో కలిసి వాఙ్మయమైనట్లే, ‘సుబ్’ కకారం ముందు సుక్ అయింది, ఫకారం ముందు సుఫ్ అయింది, మకారం ముందు సుమ్ అయింది, పకారం ముందు సుప్ అయింది. కనుకనే ఈ ఉపసర్గ తెలుగు దేశంలో అనేక మారువేషాలతో తిరుగుతున్నది. సక్సెస్, సజెషను, సప్లయి, సపోర్టు, సమన్లు, సస్పెన్షను — వీటన్నిటికీ ముందు ఉన్నది అదే. సమన్లు అందుకొన్న కక్షిదారుకు ఆ మాట పుట్టుకలో ‘చాటుగా హెచ్చరించుట’ ఉన్నదని తెలియనక్కరలేదు. సస్పెండైన కార్మికునికి మాత్రం తాను వ్రేలాడదీయబడ్డానన్న సంగతి నిరుక్తం చదవకుండానే తెలుస్తుంది. సఫర్ అనే మాటలో రెండవ భాగం లాటిను ‘ఫెర్రె’, మోయుట. సంస్కృతంలోని ‘భృ’ ధాతువుకు అది తోబుట్టువు. తెలుగువాడు కష్టాన్ని ‘భరించు’ అన్నప్పుడు, ఇంగ్లీషువాడు ‘సఫర్’ అన్నప్పుడు ఇద్దరి నోటా వెలువడేది ఒకే పురాతన ధాతువు. ఇంగ్లీషువాని మాటలో అడుగున నిలిచి మోయుట అన్నది అదనం.

సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఒక ఉమ్మడి మూలం ఉండవలెనని ప్రతిపాదించినాడు. 1816లో జర్మనీలో ఫ్రాంజ్ బాప్ క్రియారూపాలను పోల్చి ఆ చుట్టరికాన్ని శాస్త్రీయంగా నిరూపించే పని మొదలుపెట్టినాడు. ఆ తరువాతి పండితులు ఉపసర్గలను పోల్చి చూచినప్పుడు తేలిన విషయం చాల ముచ్చటైనది. సంస్కృతపు ‘అప’ లాటినులో ‘అబ్’. ‘ప్ర’ అక్కడ ‘ప్రో’. ‘అంతర్’ అక్కడ ‘ఇంటెర్’. ‘ఉపరి’ అక్కడ ‘సుపెర్’. అలాగే ‘ఉప’ అక్కడ ‘సుబ్’. అచ్చు పోయి చివర మిగిలిన పకారం ‘అప–అబ్’ జంటలో వలెనే ఇక్కడ కూడ బకారమైంది. ముందు వచ్చిన సకారం లాటిను, గ్రీకులలో అదనంగా చేరినది. ‘ఎక్స్’ అనే మాట తాలూకు తునక అది అని పెక్కుమంది అభిప్రాయం. గ్రీకులో పదాది సకారం హకారమవుతుంది. సప్త అనే సంఖ్య లాటినులో సెప్టెం, గ్రీకులో హెప్టా అయినట్లే, లాటిను సుబ్, సుపెర్‌లకు గ్రీకులో హ్యుపొ, హ్యుపెర్ అనే రూపాలు వచ్చినవి. ఇంగ్లీషులో పైకి అనే అర్థమున్న ‘అప్’ కూడ ఈ కుటుంబంలోదే.

క్రింద అనే ‘సబ్’, పైకి అనే ‘అప్’ ఒకే తల్లి బిడ్డలంటే వింతగా తోచవచ్చును. మూలార్థం ‘క్రింది నుంచి పైకి’ అని గ్రహిస్తే వింత పోతుంది. అది ఒక స్థానాన్ని కాక ఒక కదలికను చెప్పే మాట. లాటినులోనే ‘సుక్కుర్రెరె’ అంటే సాయానికి పరుగున వచ్చుట. ‘సుబ్వెనీరె’ అంటే ఆదుకొనుటకు వచ్చుట. ఇక్కడ ‘సుబ్’లో తక్కువతనం ఏ మాత్రమూ లేదు. దగ్గరకు వచ్చి చేయునది ‘ఉపకారం’ అని సంస్కృతం చెప్పినదీ ఇదే. ‘సుపెర్’, ‘ఉపరి’ అనేవి కూడ ఈ మాటకే ప్రత్యయం చేరగా ఏర్పడినవి. ఉక్కు కర్మాగారంలో సూపరింటెండెంటు, సూపర్‌వైజరు ఒక వైపు, సబ్ అసిస్టెంటు మరొక వైపు నిలబడి ఉంటే, శబ్దశాస్త్రం దృష్టిలో వారు దాయాదులు.

పాణిని ఈ రెండు ముఖాలనూ స్పష్టంగా గుర్తించినాడు. అష్టాధ్యాయి మొదటి అధ్యాయం నాలుగవ పాదంలో 87వ సూత్రం ‘ఉప’కు అధికార్థాన్నీ హీనార్థాన్నీ రెండింటినీ చెబుతున్నది. ఖారి అనే కొలత మీద మరొక ద్రోణం అదనం అనవలసినప్పుడు ‘ఉప’ వస్తుంది. వైయాకరణులందరూ శాకటాయనునికి తరువాతివారే అనవలసినప్పుడూ ‘ఉప’ వస్తుంది. దీనికి ముందున్న 86వ సూత్రం హీనార్థంలో ‘అను’ను విధించింది. ఝార్ఖండు సర్కారు ‘అనుమండల్’కు ఈ లెక్కన పాణిని అనుమతి ఉన్నదన్నమాట, ఆ పేరు పెట్టినవారు సూత్రం చూచి పెట్టినా, చూడక పెట్టినా ఒకటే. యాస్కుడు నిరుక్తంలో ‘ఉప’కు చెప్పిన అర్థం ‘ఉపజనం’, అనగా వచ్చి చేరుట, అధికమగుట. ఉపసర్గలకు విడిగా అర్థం లేదని శాకటాయనుడు, ఉన్నదని గార్గ్యుడు వాదించుకొన్న సంగతి కూడ యాస్కుడే చెప్పినాడు. ‘ఉపసర్గ’ అనే పేరే ‘ఉప’తో మొదలయింది. ప్రాదులు ఇరువది రెండింటిలో చివరిది ‘ఉప’.

సంస్కృత వాఙ్మయంలో ఈ మాటకు ప్రధానంగా నిలిచిన అర్థం సామీప్యం. గురువు చెంతకు తీసికొనిపోవుట ఉపనయనం. చెంతకు చేరి ఎవని వద్ద చదువుకొంటారో అతడు ఉపాధ్యాయుడు. దైవసన్నిధిని వసించుట ఉపవాసం. పదంలో తుది వర్ణానికి దగ్గరగా ఉన్నది ఉపధ. వీటిలో ఎక్కడా ‘సబ్’ పనికిరాదు. ఉపాధ్యాయుని ‘సబ్ అధ్యాయుడు’ అన్నవాడు బడిలో బెత్తం దెబ్బ తిని ఉండేవాడు. (మనుస్మృతి ఆచార్యుని ఉపాధ్యాయుని కంటె పదిరెట్లు అధికుని చేసిన మాట నిజమే, అయితే అది వారు చెప్పే చదువును బట్టి వచ్చిన తారతమ్యం, ఉపసర్గ వల్ల వచ్చినది కాదు.) గౌణార్థం సంస్కృతంలో లేదనడం కూడ సరికాదు. ఉపపురాణాలు, ఉపవేదాలు, ఉపపాతకాలు పూర్వులు పెట్టిన పేర్లే. ఇంద్రుని తరువాత పుట్టినందున వామనుడు ఉపేంద్రుడైనాడు. ఆ ఉపేంద్రుడు మూడడుగులలో ముల్లోకాలు కొలిచినాడు. వయసులో వెనుకవాడే గాని, పనిలో వెనుకవాడు కాడు.

లాటినులో ‘క్రింద’ అనే అర్థం బలపడింది, సంస్కృతంలో ‘చెంత’ అనే అర్థం బలపడింది. ఒకే ఇంట పుట్టి వేరు కాపురాలు పెట్టిన ఈ ఇద్దరూ ఇంగ్లీషు పరిపాలన కాలంలో భారతదేశపు కచేరీలలో మళ్ళీ కలుసుకొన్నారు. ‘సబ్’ను దేశభాషలలోకి తేవలసి వచ్చినప్పుడు పండితులు ‘ఉప’ను పిలిచినారు. అన్నదమ్ములను కలిపినందుకు సంతోషింపవలసిందే. కాని కలయికలో తమ్ముని స్వభావం అన్నకు అంటింది. ఉపసంఘం, ఉపవిభాగం, ఉపసంపాదకుడు మొదలైన మాటలు అలవాటై, నేటి తెలుగువాని చెవికి ‘ఉప’ అనగానే చెంత అని కాక, తక్కువ అని వినబడుతున్నది.

ఇంగ్లీషు కచేరీలోనే ‘సబ్’ ఎప్పుడూ తక్కువతనాన్ని చెప్పలేదన్నది ఇక్కడ గమనింపదగినది. మద్రాసు రాజధానిలో సబ్ కలెక్టరు పదవి సివిల్ సర్వీసు దొరలది. డిప్యూటీ కలెక్టరు పదవి వారికి దిగువ శ్రేణివారిది. ఆ సంప్రదాయం నేటికీ పోలేదు. తెలుగు జిల్లాలలో ఒకే రెవిన్యూ డివిజనుకు ఐ.ఏ.ఎస్. అధికారి వస్తే సబ్ కలెక్టరు అంటారు. రాష్ట్ర సర్వీసు అధికారి వస్తే ఆర్.డి.ఓ. అంటారు. కుర్చీ ఒకటే, పని ఒకటే. ‘సబ్’ ఉన్న పేరే ఘనమైనది! దీనిని ‘ఉప కలెక్టరు’ అని అనువదించినవాడు డిప్యూటీ కలెక్టరును ఏమనాలి?

ఈ చిక్కుకు కారణం, తెలుగు అనువాదకులు ఒక్క ‘ఉప’తో నాలుగు పనులు చేయించుకొనడం. ఉపసంఘంలో అది ‘సబ్’. ఉపముఖ్యమంత్రిలో ‘డిప్యూటీ’. ఉపఎన్నికలో ‘బై’. ఉపరాష్ట్రపతిలో ‘వైస్’. చివరిది మరొక లాటిను మాట. ‘వికిస్’ అంటే వంతు, మారు; ‘వికె’ అంటే ‘బదులుగా’. ఒకరు లేనప్పుడు ఆ చోట నిలుచునేవాడని దాని భావం; క్రిందివాడని కాదు. దీనికి సరిగ్గా సరిపోయే మాట తెలంగాణంలో ఎప్పటి నుంచో ఉన్నది. నాయబు అనే అరబ్బీ మాటకు మూలమైన ధాతువుకు వంతు అనే అర్థమే ఉన్నది. నాయబు తహశీలుదారు అంటే తహశీలుదారు వంతును నిర్వహించేవాడు. ఆ నాయబు శబ్దానికి గౌరవార్థక బహువచనమే నవాబు. ఢిల్లీ పాదుషాకు బదులు పాలించవలసినవాడు నవాబు. తరువాతి కథ చరిత్ర చెబుతుంది. నవాబును ‘ఉప’ అనగల ధైర్యం ఎవరికుండేది?

విశ్వవిద్యాలయాల సంగతి ఇంకా విచిత్రం. తెలుగులో చాన్సలరు కులపతి, వైస్ చాన్సలరు ఉపకులపతి. హిందీ ప్రాంతాలలో వైస్ చాన్సలరునే కులపతి అంటారు, చాన్సలరు కులాధిపతి. సోనారిలోని తెలుగు విద్యార్థి హిందీ పత్రికలో కొల్హాన్ విశ్వవిద్యాలయం కులపతి పేరు చదివి, విజయనగరం నుంచి బంధువు పంపిన తెలుగు పత్రికలో ఉపకులపతి పేరు చదివితే, ఇద్దరికీ ఎక్కువ తక్కువలున్నవని అనుకొనక మానడు. ఇద్దరిదీ ఒకటే పదవి. విశ్వవిద్యాలయాన్ని నిత్యం నడిపేవానికి ‘ఉప’ తగిలించకుండా వదిలిన హిందీవారి పద్ధతే ఈ విషయంలో మేలైనదని చెప్పవలసి ఉన్నది.

మాటలో తేడా వస్తే కాగితం మీదనే ఆగిపోతుందని అనుకొనరాదు. రాయలసీమ చరిత్రను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. లాటినులో ‘సుబ్సిడియుం’ అంటే యుద్ధపంక్తికి వెనుక కూర్చుని, అవసరమైనప్పుడు లేచి సాయపడే సేన. ‘సుబ్’తో కూర్చొనుట అనే ధాతువు కలిసి ఏర్పడిన మాట అది. సబ్సిడీ అనే నేటి మాటకు మూలం అదే; అందులోని సైన్యం పోయి, ధనం మిగిలింది. ఈ రెంటి మధ్య దశలో ఉన్నది వెల్లస్లీ కాలపు ‘సబ్సిడియరీ’ సంధి. 1798లో నిజాం ఆలీఖాన్ దానికి ఒప్పుకొన్నాడు. సాయపడే సేన హైదరాబాదులో ఉంటుంది. దాని ఖర్చు నిజాం భరించవలె. 1800లో మరొక సంధితో ఆ ఖర్చు క్రింద మైసూరు యుద్ధాలలో నిజాంకు దక్కిన బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కంపెనీకి వెళ్ళిపోయినవి. అవే దత్తమండలాలు, 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు సూచనతో రాయలసీమ అనే పేరు పొందినవి. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ సంధిని ‘సైన్య సహకార పద్ధతి’ అంటున్నవి. సహకారం! ‘సుబ్’ స్థానంలో ‘సహ’ వచ్చి, లోబడుటను తోడ్పాటుగా మార్చి చూపించింది. మొదట సాయమనే పేరుతో వచ్చి, ఆ తరువాత అధికారమై కూర్చున్న సేన అది. ‘సుబ్సిడియుం’లోని రెండు ఛాయలూ ఆ ఒక్క సంధిలో ఉన్నవి. తెలుగు మాట ఒక్కదానినే పట్టుకొన్నది.

జంషెడ్పూరు భూముల కథలో ‘సబ్’ ఇంకొక వేషం వేసింది. బీహారు భూసంస్కరణల చట్టం 1950లో వచ్చింది. 1972 సవరణతో ఉక్కు సంస్థ ఆధీనంలోని భూములు ప్రభుత్వానికి దఖలుపడి, సంస్థ కౌలుదారుగా నిలిచే ఏర్పాటు వచ్చింది. 1985లో వ్రాసుకొన్న కౌలు పత్రం 1956 జనవరి 1 నుంచి 40 ఏండ్లకు వర్తించింది. 2005లో వ్రాసిన మరొక పత్రం 1996 జనవరి 1 నుంచి 30 ఏండ్లకు దానిని పొడిగించింది. అప్పుడే 86 బస్తీలు కౌలు పరిధి నుంచి వేరుపడినవి. ఈ ఏర్పాటులో భూమి ప్రభుత్వానిది, సంస్థ లీజుదారు, సంస్థ వద్ద స్థలం పట్టినవాడు సబ్ లీజుదారు. మూడు తరాలుగా ఒకే ముంగిట్లో ముగ్గు వేసుకొన్న కుటుంబానికి కూడ ఆ పత్రం పెట్టే పేరు ‘సబ్’.

దీనిని తెలుగులో ‘ఉపకౌలు’ అంటే చిన్న కౌలు, అప్రధానమైన కౌలు అనే భావం కలుగుతుంది. ఇంటివానికి అది అప్రధానం కాదు. అతనికి ఉన్నది అదొక్కటే. ఇక్కడ ‘సబ్’ చెప్పేది ఒక హక్కు మరొక హక్కు లోపల ఇమిడి ఉండడం. వెలుపలి హక్కు గడువు తీరితే లోపలిదాని గతి ఏమిటన్న భయం ఆ ‘లోపల’లోనే ఉన్నది. పారసీకులకు ఈ సంగతి బాగా తెలుసును. ‘శికం’ అంటే వారి భాషలో కడుపు. ఒకని హక్కు కడుపులో ఉన్న మరొకని హక్కు శికమీ. బీహారు పాత భూవ్యవహారంలో రైతు క్రింది రైతును శిక్మీ అనేవారు. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి రెవిన్యూ చట్టంలో పట్టాదారుతో హక్కు పంచుకొనేవాడు శికమీదారు, పట్టాదారు వద్ద కౌలుకు పట్టినవాడు ఆసామీ శికమీ. తెలంగాణ పల్లెలలో చెరువు లోపలి భూమిని ఇప్పటికీ చెరువు శికం అంటారు. నీరు నిండితే మునిగి, తగ్గితే తేలే నేల అది. సబ్ లీజుకు ఇంతకంటె నిండైన పోలిక దొరకడం కష్టం. ‘ఉప’లో ఈ కడుపు లేదు.

బాప్ గ్రంథం వెలువడిన 1816లోనే మద్రాసులో మరొక పని జరిగింది. ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన ఉపోద్ఘాతంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒక కుటుంబంలోదని ఉదాహరణలతో చూపినాడు. ఒకే ఏడు ఒక చోట సంస్కృత లాటినుల చుట్టరికానికి శాస్త్రం పునాది పడగా, మరొక చోట తెలుగు ఆ చుట్టరికానికి వెలుపలిదని తేలింది. తెలుగుకు తనదంటూ ఉపసర్గ లేదు. ద్రావిడ భాషలలో ప్రత్యయం పదం వెనుక చేరుతుంది. ముందు చేరే ‘ఉప’, ‘అను’, ‘ప్రతి’ మొదలైనవి తత్సమాలతో వచ్చిన అతిథులు. అతిథులు తక్కువవారని కాదు. నన్నయ నాటికే వారు ఇంటివారైపోయినారు. ఆయన ఆరణ్యపర్వంలో చెప్పిన నలోపాఖ్యానం పేరులోనే ‘ఉప’ ఉన్నది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. నేటి విమర్శలో ‘సబ్ ప్లాట్’కు ఉపకథ, ఉపాఖ్యానం అనే మాటలు వాడుతున్నారు. నలుని కథ భారత కథకు లోబడిన కథ కాదు. ధర్మరాజు దుఃఖం చెంతకు తెచ్చి కూర్చోబెట్టిన కథ. దానిని ‘సబ్’ అనే కొలబద్దతో చూచిన విమర్శకుడు దానిని తీసివేసినా భారతం నిలుస్తుందని వ్రాస్తాడు. ‘ఉప’ను చెంత అని చదివినవాడు, అది ఆ చోటనే ఎందుకున్నదని అడుగుతాడు.

దేశం స్వతంత్రమైన తరువాత పరిభాషా నిర్మాణం జోరుగా సాగిన రోజులలో డాక్టర్ రఘువీర మొదలైన పండితులు ఇంగ్లీషు పదాంగాలకు సంస్కృత ధాతువులను, ఉపసర్గలను క్రమబద్ధంగా జతపరచి, ఆ జంటలతో శాస్త్రపదాలను పోతపోయవచ్చునని భావించినారు. వారి పాండిత్యం అపారం. పద్ధతిలోని సౌలభ్యమూ కాదనరానిది. అయితే లాటిను ‘సుబ్’ తన చరిత్రలో అడుగు, చెంత, చాటు, లోపల, తరువాత, సాయం అని ఎన్నో దారులు తొక్కింది. అన్ని దారులకూ ఒకే తలుపు పెట్టడం వల్ల మాట తయారవుతుంది గాని అర్థం లోనికి రాదు. సబ్‌కాన్షస్ అనే మాటకు తెలుగులో ఉపచేతన, అవచేతన, సుప్తచేతన అని రచయితకొక మాట పుట్టడానికి కారణం ఇదే. అడుగున ఉన్న మనస్సు అనవలసిన చోట చెంతనున్న మనస్సు అనే అర్థం వస్తుందేమోనని కొందరు ‘ఉప’ను వదిలి ‘అవ’ను ఎంచుకొన్నారు. ఆ సందేహం సరియైనదే.

తెలుగు జనం ఈ పనిని పండితుల కంటె ముందే, ఉపసర్గల సాయం లేకుండానే చేసుకొన్నారు. వ్యాపారి సరుకు ఒకరి వద్ద కొని మరొకరికి అమ్మితే అది మారుబేరం. ‘ఉపబేరం’ అని ఎవరూ అనలేదు. ధవళేశ్వరం వద్ద 1852 నాటికి ఆనకట్ట పూర్తయి గోదావరి నీరు కాలువలకు మళ్ళిన తరువాత, ఇంజనీర్లు పెద్ద కాలువ నుంచి చీలిన వాటికి బ్రాంచి, డిస్ట్రిబ్యూటరీ, మైనరు అని వరుసగా పేర్లు పెట్టుకొంటూ పోయి, చివరకు ‘సబ్ మైనరు’ వద్ద ఆగినారు. చిన్నదానికి చిన్నది! రైతు దానిని చూచి పిల్లకాలువ అన్నాడు. అక్కడి నుంచి తన మడిలోకి నీరు తెచ్చుకొనేది బోదె. పిల్లకాలువలో తల్లికాలువ కూడ కనబడుతున్నది. బిడ్డ తల్లికి క్రిందిది అని అనడం ఆ రైతుకు తోచలేదు.